అన్నకు కంఠతా వచ్చిన నంబరు

ఆ నంబరు నేనిక్కడ రాయను. అది ఇప్పుడు మాది కాదు. కానీ మా అన్న ఈ భూమి మీద ఎక్కడైనా బతికి ఉంటే, అతనికి నోటికి వచ్చిన నంబరు అదొక్కటే.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. అయిజ పక్కన ఉన్న మా ఊరి నుంచి ఏటా కొన్ని కుటుంబాలు పనులకు దూర రాష్ట్రాలు పోతాయి. బయలుదేరే ముందు వచ్చే ఆదివారం, ఆరాధన చివర, పోయేవాళ్ళంతా ముందుకొచ్చి వరుసగా నిలబడతారు. పాస్టరుగారు వాళ్ళ తలల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. అంతకుముందు ప్రతి ఒక్కరూ ఇంటి ఫోన్ నంబరు గట్టిగా చెప్పాలి. కాగితం చూడకూడదు, ఫోన్ తీయకూడదు. సండే స్కూల్లో పిల్లలు కంఠత వాక్యం అప్పజెప్పినట్టు చెప్పాలి. ఫోన్లు పోతాయి, నీళ్ళలో పడతాయి, రైల్లో ఎవరో కొట్టేస్తారు. గుండెలో ఉన్నది ఎవరూ ఎత్తుకుపోలేరని సంఘ పెద్దలు ఈ పద్ధతి పెట్టారు. ఎవరైనా ఒక అంకె తడబడితే వెనక నుంచి "మల్లోపారి" అని కేక వినపడుతుంది. అందరూ నవ్వుతారు. సరిగ్గా చెప్పేదాకా ప్రార్థన మొదలుకాదు.

మా అన్నకు అక్షరాలు రాలేదు. చిన్నతనంలో వచ్చిన ఒక జ్వరం తర్వాత మాట కూడా తగ్గిపోయింది. కష్టం చేయడంలో ఇద్దరి పెట్టు. కొత్త మనుషులంటే మాత్రం బెదురు. ఇంట్లో ఫోన్ మోగితే ఎత్తేవాడు. అవతల తెలియని గొంతు వినపడితే వేలు కాలినట్టు పెట్టేసేవాడు. ఒక్క వాక్యం కూడా నిలవని తల అది. పాట మాత్రం నిలిచేది. అప్పటికి నేను పిల్లలకు సండే స్కూల్ చెబుతున్నాను కనుక మా అమ్మ నంబరును ఇంగ్లీషు అంకెల్లోనే ఒక చిన్న రాగంలో కట్టి నేర్పాను. పత్తి చేలో, బోరు కాడ స్నానం చేస్తూ, ఎద్దులకు నీళ్ళు పెడుతూ అదే పాడుకునేవాడు. వలసకు పోయే ఆదివారం ముందుకొచ్చి, నంబరు చెప్పమంటే చెప్పలేదు, పాడాడు. చర్చి అంతా నవ్వింది. వెనక వరుసలో ఒక ముసలమ్మ "ఆమేన్" అంది.

ఆ ప్రయాణంలోనే అన్న తప్పిపోయాడు. రైలు రాయచూరు దాటి చాలా దూరం పోయాక ఏదో పెద్ద స్టేషన్‌లో నీళ్ళ కోసం దిగాడు. రైలు కదిలింది. గుంపును తీసుకుపోతున్న మేస్త్రీ తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి పోయి వెతికాడు. దొరకలేదు.

కొన్ని వారాలకు అమ్మకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి వినపడింది. తర్వాత ఆ రాగం, మొదటి మూడు అంకెలు, సన్నగా. అమ్మ "నాయినా, యాడున్నవ్‌రా" అని అరిచేసరికి లైను పోయింది. తిరిగి చేస్తే టీ బండి అతను ఎత్తాడు. ఎవరో మనిషి సైగ చేసి ఫోన్ అడిగాడనీ, నంబరు తనే పాడి నొక్కించుకున్నాడనీ, ఫోన్‌లో డబ్బులైపోయి లైను తెగిపోతే భయపడి వెళ్ళిపోయాడనీ హిందీలో చెప్పాడు. సంఘం నుంచి ఇద్దరిని తోడు తీసుకుని నేను ఆ ఊరు పోయాను. బండి దొరికింది. అతను చూపించిన దారిలో చీకటి పడేదాకా తిరిగాం. అన్న దొరకలేదు.

ఆ తర్వాత ఫోన్ అమ్మ ఒంట్లో ఒక భాగమైంది. సీడ్ పత్తిలో క్రాసింగ్ పనికి, పువ్వు పువ్వుకూ పుప్పొడి అంటించే పనికి పోతే మెడలో గుడ్డ సంచి కట్టుకుని అందులో పెట్టుకునేది. ఒక చేత్తో పువ్వు పట్టుకుని, ఇంకో చేత్తో సంచిని తడుముకునేది. "పువ్వు జూస్తవా ఫోన్ జూస్తవా" అని చేను ఆసామి కసిరేవాడు. ఆమె స్తోత్రం చెప్పుకుంటూ పని చేసేది.

ఏళ్ళు గడిచాక ఆ సిమ్ము కంపెనీ సిగ్నల్ మా ఊళ్ళో పోయింది. దగ్గరున్న టవర్ తీసేశారన్నారు. చర్చి ముందరి అరుగు మీద తూర్పు మూల నిలబడితే సన్నగా ఒక గీత వచ్చేది, అదీ గాలి వాటంగా. మా ఇంటి దగ్గర ఏమీ లేదు. అమ్మ పొయ్యి ఆర్పి వచ్చి ఆ మూలన కూర్చోవడం మొదలుపెట్టింది. నేను పెళ్ళై గద్వాలలో ఉంటున్నాను. అక్కడ ఆ సిగ్నల్ ఉంది కనుక ఫోన్ నా దగ్గర పెట్టుకుంటానన్నాను.

"నువ్వెత్తితె పెట్టేస్తడు. ఫోన్ల నీ గొంతు వానికి తెల్వదు. నా గొంతే గావాలె."

"అయితె నువ్వే వొచ్చి మా ఇంట్ల ఉండు."

"ఫోన్ జేయకుండ నడ్సుకుంటనే ఇంటికొస్తె? తాళం జూసి మల్లిపోడా?"

ఆమె ఇంట్లోనే ఉండాలి, ఫోన్ ఇంట్లోనే మోగాలి. నంబరు అదే ఉంచి కంపెనీ మార్చుకోవడం తప్ప దారి కనపడలేదు. మా ఊళ్ళో ఇంకో కంపెనీ సిగ్నల్ బాగా ఉంది.

గద్వాల పాత బస్టాండు దగ్గర ఒక సిమ్ముల దుకాణానికి అమ్మను తీసుకుపోయాను. దుకాణదారు నవ్వుముఖం మనిషి.

"ఏంది పెద్దమ్మా, కంపెనీ మారాలె, నంబర్ మారొద్దు, గంతేనా?"

"ఒక్క అంకె గూడ అటిటు గావద్దు నాయినా."

"గాదు. ఇల్లు గదే, తలుపు గదే. కరెంటిచ్చెటోడు మారతడు. ఎవరికి తెల్వను గూడ తెల్వదు."

"మారేటప్పుడు ఎవరన్న తలుపు గొడితె?"

అతను నా వైపు చూశాడు. నేను క్లుప్తంగా అన్న సంగతి చెప్పాను.

"కొన్ని గంటలు బందుంటది పెద్దమ్మా. పాత సిమ్ము వోతది, కొత్తది లేస్తది. ఇన్నేండ్లు జెయ్యనోడు సరిగ్గ గా గంటలనే చేస్తడా?"

"గా గంటలనే చేస్తడు," అంది అమ్మ. "పరీక్ష గట్లనే వొస్తది."

అతను మళ్ళీ నవ్వలేదు. అమ్మ ఫోన్ నుంచి మెసేజ్ పంపాడు, కోడ్ వచ్చింది, అమ్మ వేలు మిషన్ మీద పెట్టించాడు. ఆ బందుండే గంటలు ఉపవాసం ఉంటానని అమ్మ అక్కడే మొక్కుకుంది. నేనూ ఉంటానన్నాను. గ్రంథంలో దానికి ఆధారం ఉంది. దేవుని జనం దారి తెలియనప్పుడల్లా అన్నం మానుకుని మోకరించారు.

ఉపవాసం అవసరం రాలేదు. మర్నాడు దుకాణదారు నాకు ఫోన్ చేసి రమ్మన్నాడు.

"అక్కా, రిజెక్టయింది. గీ నంబర్ మీ అమ్మ పేరు మీద లేదు."

"మరి ఎవరి పేరు మీదుంది?"

అతను ఒక పేరు చదివాడు. అది మేస్త్రీ పేరు.

అప్పుడు గుర్తొచ్చింది. మా దిక్కు మేస్త్రీలు గుంపు కట్టేటప్పుడు అడ్వాన్సుతో పాటు ఇంటికొక సిమ్ము ఇచ్చేవారు. కబురు పెట్టాలంటే ఇంట్లో ఫోన్ ఉండాలి కదా. కాగితాలు అడిగితే జనం భయపడతారని, తన ఆధార్ మీదే అందరివీ తీసేవాడు మా మేస్త్రీ. సిమ్ము తీసుకున్నారంటే ఆ సీజన్‌కు ఆయన గుంపుతో పోతామని మాట ఇచ్చినట్టే. అన్న పోయే ముందు ఏడాది మాకూ ఒకటి ఇచ్చాడు. ఎవరి కాగితాల మీద తీశాడో మేము అడగలేదు. రీఛార్జి చేసుకుంటున్నాం, మా ఇంట్లో మోగుతోంది, మాదేననుకున్నాం. మా వాడలో అందరూ అట్లాగే అనుకున్నారు.

"ఇంకోటి జెప్పాలె అక్కా," అన్నాడు దుకాణదారు. "ఈయన పేరు మీద మస్తు సిమ్ములున్నయి. ఒక్క మనిషికి గన్ని ఉండొద్దు. అసలు మనిషొచ్చి ఏలు వెట్టి నాదే అని జెప్పకుంటె, కంపెనీ మార్సుడు సంగతి అటుంచు, ఉన్నకాడ గూడ బందు వెడతరు. మెసేజ్‌లు రాలేదా?"

వచ్చాయి. రీఛార్జి అయిపోయిందని వచ్చే మెసేజ్‌లే అనుకుని అమ్మ ప్రతిసారీ రీఛార్జి చేయించింది.

మేస్త్రీది పాన్‌గల్ దాటాక ఒక పల్లె. అన్న తప్పిపోయినప్పుడు అమ్మ ఆ ఇంటి ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది. పోలీస్ స్టేషన్‌లో ఆయన మీద దరఖాస్తు ఇచ్చింది. వాళ్ళు ఆయన్ను పిలిపించి కొన్ని రోజులు కూర్చోబెట్టారు. అప్పటినుంచి మాటల్లేవు. బస్సు కృష్ణ దాటుతున్నప్పుడు అమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదిలించింది. క్షమించమని నేర్పే వాక్యాలు నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పించాను. ఆ రోజు అమ్మతో ఒక్కటీ అనలేకపోయాను.

మేస్త్రీ భార్య వాకిట్లో పల్లికాయ ఒలుస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"అప్పుడు నా మొగన్ని టేషన్ల కూసోవెట్టిస్తివి. గిప్పుడు ఏమొచ్చింది?"

అమ్మ చెప్పింది. దాచకుండా, తగ్గించకుండా చెప్పింది. మిషన్ మీద పెట్టడానికి మేస్త్రీ ఏలు కావాలని అంది.

"ఏలా? మొత్తం మనిషినే తీస్కపో. దగ్గుకుంట పండుకుంటడు, నాకు నిద్ర లేదు," అంది ఆమె.

లోపలి నుంచి మేస్త్రీ వచ్చాడు. ఎంత పెద్ద మనిషి ఎంతైపోయాడో. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, గా పిలగాడు నా చేతులకెల్లి జారిండు. నేను కన్ను మూసిన, గంతట్ల దిగిండు. ఏలు వెట్టుమంటె వెట్టనా? పా."

అమ్మ ఏడవలేదు. "అంగీ ఏసుకో," అంది.

వనపర్తిలో మేం పోయిన సిమ్ముల దుకాణం ఒక అమ్మాయిది. మేస్త్రీ బొటనవేలు మిషన్ మీద పెట్టాడు. ఎర్ర లైటు. తుడిచి పెట్టాడు. ఎర్ర లైటు. ఆ అమ్మాయి తడి బట్ట ఇచ్చింది.

"తాతా, జర వెంట్రుకలకు రుద్దుకో. నూనె అంటితె వడతది."

రుద్దుకున్నాడు. ఒక్కొక్క వేలూ పెట్టాడు. రెండో చేయి పెట్టాడు. ఏదీ పడలేదు. ఆమె ఆయన చేయి వెలుతురుకు తిప్పి చూసింది. గీతలు లేవు. గచ్చు నేల మాదిరి నున్నగా ఉంది.

"సిమెంటు పనా?"

"నలభై ఏండ్ల సంది," అన్నాడు మేస్త్రీ. "నా ఏలి గీతలు గావాల్నంటె గా బ్రిడ్జీల కాడికే వోయి అడగాలె బిడ్డా. ఆడనే పోసి వొచ్చిన."

ఆయనొక్కడే నవ్వాడు, వెంటనే దగ్గు వచ్చింది.

ఆధార్‌లో వేళ్ళూ కళ్ళూ కొత్తగా తీయించుకోవాలని, నాగర్‌కర్నూల్ సెంటర్‌లో త్వరగా అవుతుందని ఆ అమ్మాయి చెప్పింది. అక్కడికీ పోయాం. మేస్త్రీకి బస్సులో కిటికీ పక్కన సీటు అమ్మే ఇప్పించింది. జొన్నరొట్టె తుంచి ఆయనకు ఇచ్చింది. ఆయన తింటూ, ఆ రాత్రి రైల్లో అన్న పాడుతూ కూర్చున్నాడని, పక్కవాళ్ళు ఆపమన్నా ఆపలేదని చెప్పాడు. అమ్మ తల తిప్పకుండా విన్నది. తర్వాత "ఇంగో తునక తిను" అంది. సెంటర్‌లో కళ్ళు తీశారు, వేళ్ళు అద్దం మీద నొక్కిపెట్టి పట్టినంత పట్టారు. కొత్తవి లెక్కలోకి ఎక్కడానికి టైం పడుతుంది, మెసేజ్ వస్తుంది, అప్పుడు రండి అన్నారు. ఆ రోజు తిరిగొస్తూ ఆశపడ్డాను. ప్రభువు ముగ్గుర్నీ ఒకే బస్సులో కూర్చోబెట్టింది ఊరికే కాదనిపించింది. ఆదివారం సాక్ష్యం చెప్పాలని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆ సాక్ష్యం నేను చెప్పలేదు. మేస్త్రీకి మెసేజ్ రాకముందే ఒక పొద్దున అరుగు మూలన అమ్మ ఫోన్‌లో ఆ సన్నని గీత పోయింది. అంతకుముందూ పోతూ వస్తూ ఉండేది కనుక ఆమె సాయంత్రం దాకా కూర్చుంది. మర్నాడూ కూర్చుంది. నేను గద్వాల నుంచి చేసి చూస్తే, ఈ నంబరు వాడుకలో లేదని ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా చెప్పింది.

కొన్నాళ్ళకు మేస్త్రీకి మెసేజ్ వచ్చింది. ఆయన దగ్గుతూనే గద్వాల దాకా వచ్చాడు. పాత బస్టాండు దుకాణంలో వేలు పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది.

"ఏలు వడ్డది," అన్నాడు దుకాణదారు. "గాని పెట్టెటందుకు నంబర్ లేదు పెద్దమ్మా. బందయినంక మనం ఏం జెయ్యరాదు. కొన్ని నెలలు వోనిచ్చి ఇంకెవరికన్న ఇస్తరు."

"మన నంబరే, మనకే ఇయ్యుమంటె?"

"గట్ల అడిగెటందుకు ఆడ ఎవరుంటరు పెద్దమ్మా?"

కస్టమర్ కేర్‌కు చేశాను, ఆఫీసుకు పోయాను, అర్జీ ఇచ్చాను. ఎవరూ కసరలేదు. అందరూ విన్నారు. ఎవరూ ఏమీ చేయలేకపోయారు. అమ్మ పేరు మీద ఇంకో కంపెనీ సిమ్ము కొత్తగా తీసుకున్నాం. మా ఇంట్లో, పొయ్యి దగ్గర కూడా గీతలన్నీ నిండుగా చూపిస్తుంది. ఆ నంబరు అన్నకు తెలియదు.

అమ్మ ఆ కొత్త ఫోన్ నుంచి పాత నంబరుకు రోజూ చేసేది. వాడుకలో లేదనే గొంతు వినేది, పెట్టేసేది. కొన్నాళ్ళకు ఆ గొంతు వినలేక మానేసింది. వానలు పడ్డాక ఒకరోజు మళ్ళీ చేస్తే అవతల ఫోన్ మోగింది. నేను పక్కనే ఉన్నాను. స్పీకర్ పెట్టాను.

"హలో, ఎవరండీ?" అన్నాడు ఒక మగమనిషి. మాట మా దిక్కుది కాదు.

అమ్మ ఫోన్ నా వైపు జరిపింది. నేనే చెప్పాను. నంబరు ఇంతకుముందు మాదని, తప్పిపోయిన మనిషికి అదొక్కటే తెలుసని. అతను ఓపికగా విన్నాడు. రెండు నెలల కిందట తీసుకున్నానన్నాడు. పనికి సంబంధించిన వాళ్ళందరికీ ఇచ్చేశానని, వెనక్కి ఇవ్వడం కుదరదని, ఏమనుకోవద్దని అన్నాడు. నేను అడగకముందే అన్నాడు.

"ఇయ్యకున్న మాయె నాయినా," అంది అమ్మ అప్పుడు. "ఎవరన్న పాట వాడితె ఫోన్ వెట్టేయకు. అమ్మ ఇంట్లనే ఉన్నదని జెప్పు. గంత చాలు."

అతను గొంతు తగ్గించాడు.

"అమ్మా, చెప్పాలో వద్దో తెలియట్లేదు. ఇది తీసుకున్న కొత్తలో ఒక ఫోన్ వచ్చింది. అవతల ఎవరూ మాట్లాడలేదు. నేను హలో హలో అని గట్టిగా అన్నాను. పెట్టేశారు. అట్లాంటివి అందరికీ వస్తుంటాయిలెండి."

"ఏ నంబర్ నుంచి వచ్చిందండీ?" అని అడిగాను.

"అప్పుడే తీసేశానండి. ఇన్నాళ్ళయింది. నాకేం తెలుసు?"

అతనికేం తెలుసు. కంపెనీని అడిగితే పాత కాల్స్ వివరాలు నంబరు ఎవరిదో వారికే ఇస్తామన్నారు. పోలీసులు చూస్తామన్నారు. అతన్ని మళ్ళీ అడిగితే మొదటిసారి విసుక్కున్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు. అతన్ని నేను తప్పుపట్టను. రోజూ ఒక తల్లి ఫోన్ చేస్తే ఎవరైనా ఎన్నాళ్ళు ఎత్తుతారు?

ఆ ఫోన్ అన్నదేననడంలో అమ్మకు అనుమానం లేదు. "బతికిండు," అంటుంది. "యాదికుంది వానికి." వాడలో అందరికీ అదే చెబుతుంది. ఆమెకు అది సువార్త. నాకు మాత్రం ఆ గట్టి గొంతు వినపడుతుంది. హలో, హలో. ఏదో ఊళ్ళో ఎవరి ఫోనో పట్టుకుని నిలబడ్డ మా అన్న ఉలిక్కిపడి పెట్టేయడం కనపడుతుంది. బహుశా అది అన్న కాదేమో. కాదని తెలుసుకునే దారి కూడా లేదు.

మొన్న వలస ఆదివారం చర్చిలో పోయేవాళ్ళు ముందుకొచ్చి నిలబడ్డారు. ఒక్కొక్కరూ నంబరు చెప్పారు. ఇప్పుడు పాస్టరుగారు, సిమ్ము ఎవరి పేరు మీద ఉందని కూడా అడుగుతున్నారు. ఒకామె తడబడింది. "మల్లోపారి" అన్నారెవరో. జనం నవ్వారు. తర్వాత అందరం కళ్ళు మూసుకుని ఎవరికి వారం పైకి ప్రార్థన చేశాం. మా సంఘంలో అట్లాగే చేస్తాం, అందరి గొంతులూ కలిసిపోతాయి.

చాప మీద నా పక్కనే అమ్మ. ఆమె మాటలు నాకు స్పష్టంగా వినపడుతున్నాయి. ప్రభువా, నా కొడుకు నోట్లకెల్లి గా పాట పోనియ్యకు, గా నంబర్ వాని గుండెల ఉంచు, మల్లొకసారి చేయించు అని అడుగుతోంది.

ప్రభువు వింటాడనడంలో నాకు సందేహం లేదు. ఎప్పుడూ లేదు. నేను అడిగేది నోరు తెరిచి అడగలేను. అన్న ఆ పాట మరచిపోవాలని అడుగుతున్నాను. ఆ పది అంకెలూ అతని నోట్లోంచి తీసేయమని, ఇంకెప్పుడూ ఎవరి ఫోనూ అడగకుండా చేయమని అడుగుతున్నాను. ప్రార్థన ముగిశాక అమ్మ గట్టిగా ఆమేన్ అంది. నేనూ అన్నాను.